రాయవేలూరు డాక్టరమ్మ: ఐడా స్కడ్డరుగారి జీవితము

మన రాజంపేట ప్రాంతములో ఎవరికైనను జబ్బు ముదిరినప్పుడు ఇంటి పెద్దల నోట వచ్చు మాట ఒక్కటే. రాయవేలూరుకు పోవలెను. పొలము మీదనో నగ మీదనో అప్పు తెచ్చి, పాత చీటీలన్నియు ఒక సంచిలో పెట్టుకొని, దుప్పటి ఒకటి చుట్టుకొని, రేణిగుంట మీదుగా రైలులోనో, తిరుపతి చిత్తూరుల మీదుగా బస్సులోనో బయలుదేరుదురు. మా పాస్టరేటులో ఈ ప్రయాణము చేయని కుటుంబము అరుదు. సంఘకాపరులముగా మేమును రోగులతో కూడ అనేక పర్యాయములు ఆ దారిని పోయి, ఆ ఆసుపత్రి వరండాలలో రాత్రులు గడిపియున్నాము. అక్కడ తెలుగు మాట వినబడని మూల లేదు.

అయితే ఆ ఆసుపత్రిని ఎవరు ఆరంభించిరి, ఎందుకు ఆరంభించిరి అను సంగతి మన యౌవనస్థులలో చాలమందికి తెలియదు. శతవార్షికోత్సవ సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని పెద్దలు మమ్మును కోరినప్పుడు, మాకు తోచిన పేరు డాక్టరు ఐడా సోఫియా స్కడ్డరుగారిది. గొప్ప వైద్యురాలని ఆమెను అందరును పొగడుదురు. నర్సులను తయారుచేసిన గురువు అను సంగతి మాత్రము మరచిపోవుదురు. ఆ రెండవ సంగతి మన ఇండ్లకు మరింత దగ్గరది. ఎట్లు దగ్గరదో ఈ వ్యాసము చివర చెప్పుదుము.

వంశము, బాల్యము

ఐడాగారి తాతగారైన డాక్టరు జాన్ స్కడ్డరు న్యూయార్కు పట్టణములో మంచి పేరు సంపాదించిన వైద్యుడు. ఒక దినము రోగిని చూడబోయినప్పుడు ఆ ఇంట కనబడిన చిన్న కరపత్రము ఆయన మనస్సును మార్చివేసెను. 1819లో భార్యతో కూడ ఓడ యెక్కి సింహళమునకు వచ్చి, తరువాత 1836లో మద్రాసు చేరెను. ఆయన కుమారులు ఏడుగురును ఈ దేశములోనే మిషనరీలుగా పనిచేసిరి. వారిలో కొందరు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. మన పొరుగున మదనపల్లెలో తెలుగువారి మధ్య వైద్యము, సువార్త పని రెండును చేసిన డాక్టరు జేకబ్ చేంబర్లేనుగారును ఈ ఆర్కాటు మిషనువారే. కాబట్టి ఈ కుటుంబము మన రాయలసీమకు పరాయిది కాదు.

తాతగారి కుమారులలో ఒకరైన డాక్టరు జాన్ స్కడ్డరు (రెండవవారు), సోఫియా దంపతులకు 1870 డిసెంబరు 9న రాణిపేటలో ఐడా జన్మించెను. అయిదుగురు అన్నల తరువాత పుట్టిన ఆడపిల్ల. ఆమెకు ఆరేడు సంవత్సరముల వయస్సులో 1876–78 నాటి ఘోరమైన కరువు వచ్చెను. మన కర్నూలు, కడప, బళ్లారి సీమలలో పెద్దలు ధాత కరువని చెప్పుకొనునది అదే. వానలు లేక, చెరువులెండి, గింజ లేక, జనము దారుల ప్రక్కన పడి చనిపోయిరి. వేలూరులో ఐడా తండ్రిగారు ఆకలిగొన్న పిల్లలకు అన్నము పెట్టు పని చేయుచుండగా, ఆ చిన్నపిల్ల రొట్టెను ముక్కలు చేసి, చేయెత్తుటకు కూడ ఓపిక లేని పిల్లల నోళ్లలో పెట్టెను. తన యీడు పిల్లలు తన యెదుటనే చచ్చుట ఆమె చూచెను. అది ఆమె మనస్సులో భయముగా నాటుకొనిపోయెను.

ఆ తరువాత కుటుంబము అమెరికాకు వెళ్లెను. కొంత కాలమునకు తండ్రి, మరికొంత కాలమునకు తల్లి, పని కొరకు మరల ఇండియాకు వచ్చివేయగా, ఐడా చికాగోలోని బంధువుల ఇంట ఒంటరిగా మిగిలెను. తల్లి బయలుదేరిన రాత్రి, ఖాళీయైన ఆ పక్కమీద పడి ఏడ్చెనని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మిషనరీ బిడ్డల బాధ అది. అట్టి పిల్లకు ఇండియా మీద ప్రేమ కలుగునా? నార్తుఫీల్డులో మూడీగారి పాఠశాలలో చదువుకొనుచు, తాను అమెరికాలోనే ఉండి, వివాహము చేసికొని, సుఖముగా బ్రదుకవలెనని ఆమె నిశ్చయించుకొనెను. స్కడ్డరు వంశములో పుట్టితివి గనుక నీవును మిషనరీవే కదా అని ఎవరైనను అన్నచో ఆమెకు కోపము వచ్చెడిది. ఈ సంగతిని దాచిపెట్టకూడదని మా అభిప్రాయము. భక్తుల చరిత్రలలో వారు మొదటి నుండియు సిద్ధముగానే ఉండిరని వ్రాయుట అలవాటైనది. ఐడా సిద్ధముగా లేదు.

ఆ ఒక్క రాత్రి

1890లో తల్లికి జబ్బు చేసినదని తెలిసి, కొద్దికాలము ఉండి పోవుదమని ఐడా తిండివనమునకు వచ్చెను. అచ్చట ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె జీవితమును మార్చెను. ఆమె దీపము పెట్టుకొని కూర్చుండియుండగా ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన చిన్నవయస్సు భార్య ప్రసవవేదనలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నదనియు, దొరసాని వచ్చి సహాయము చేయవలెననియు వేడుకొనెను. తాను వైద్యురాలిని కాననియు, తన తండ్రి మంచి డాక్టరు గనుక ఆయనను తీసికొనిపొమ్మనియు ఆమె చెప్పెను. పరపురుషుడు తన భార్యను చూచుటకంటె ఆమె చచ్చుటయే మేలని అతడు వెళ్లిపోయెను. కొంత సేపటికి ఒక ముస్లిం వచ్చెను. అదే ప్రార్థన, అదే జవాబు. ఆ తరువాత మరియొక హిందువు వచ్చెను. ముగ్గురును వట్టి చేతులతో మరలిపోయిరి.

ఆ రాత్రి ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఊరిలో నుండి చావు డప్పు వినబడెను. సేవకుని పంపి కనుగొనగా ముగ్గురు స్త్రీలును చనిపోయిరని తెలిసెను. ఆమె తన గదిలోనికి పోయి, తలుపు వేసికొని, చాల సేపు ప్రార్థించి, బయటికి వచ్చి తల్లిదండ్రులతో తాను అమెరికాకు పోయి వైద్యము చదివి, ఈ స్త్రీల కొరకు తిరిగివచ్చెదనని తెలియజేసెను.

మనము ఈ కథను ఆదివారపు బడిలో అనేక మారులు చెప్పుదుము. అయితే ఒక సంగతి ఆలోచింపవలెను. ఆ ముగ్గురు తల్లుల మరణమునకు కారణము ఊరిలో డాక్టరు లేకపోవుట కాదు. డాక్టరు ప్రక్క గదిలోనే ఉండెను. వారి పక్కచెంత కూర్చుండగల, చేయి వేయగల, తెలివిగల స్త్రీ ఒకతె లేకపోవుటయే కారణము. ఐడా తరువాత నర్సుల కొరకు పడిన పాటంతయు ఆ రాత్రి చూచిన ఈ కొరత నుండి పుట్టినదని మేము నమ్ముచున్నాము.

ఒక గది, ఒక కిటికీ

1895లో ఐడా ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరి, చివర కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల స్త్రీలకు తలుపు తెరచినప్పుడు అక్కడికి మారి, 1899లో పట్టము పొందెను. బయలుదేరుటకు ముందు వేలూరులో స్త్రీల ఆసుపత్రి కట్టుటకు డబ్బు పోగుచేయు బాధ్యత ఆమెపై పడెను. న్యూయార్కులోని షెల్ అను బ్యాంకు యజమాని, చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లు ఒక్క పర్యాయమే ఇచ్చెను.

1900 ఆరంభములో ఆమె తన స్నేహితురాలు యానీ హాన్కాకుతో కూడ ఇండియా చేరెను. తండ్రిగారి చేతి క్రింద కొన్ని సంవత్సరములు నేర్చుకొందునని ఆశించియుండగా, ఆ సంవత్సరమే ఆయన మరణించెను. అనుభవము లేని యువతి ఒంటరిగా మిగిలెను. వేలూరు మిషను బంగళాలో పది అడుగులు, పన్నెండు అడుగుల చిన్న గది ఒకటి ఆమె మొదటి ఆసుపత్రి. మందులు కిటికీలో నుండి ఇచ్చెడివారు. సహాయమునకు శిక్షణ పొందినవారెవరును లేరు. బంగళాలో పనిచేయు కుటుంబపు స్త్రీ ఒకతె చేతులు కడుగుకొని ప్రక్కన నిలువబడి, కట్లు కట్టుటయు, మందు కలుపుటయు నేర్చుకొనెను. మొదట జనము భయపడి రాలేదు. తరువాత రాక ఆగలేదు. రెండు సంవత్సరములలో అయిదువేలమంది రోగులకు ఆ గదిలోనే వైద్యము జరిగెను. 1902లో నలువది పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడెను.

నర్సుల బడి

ఆసుపత్రి కట్టినంత మాత్రమున పని కాలేదు. డాక్టరమ్మ పగలు శస్త్రచికిత్స చేయును. రాత్రి ఆ రోగి చెంత ఎవరు? రక్తము కారుచున్నదో లేదో ఎవరు చూతురు? ఏ గంటకు ఏ మందు ఇయ్యవలెనో ఎవరు జ్ఞాపకము పెట్టుకొందురు? డాక్టరు రోగి యొద్ద ఉండునది దినమునకు కొన్ని నిమిషములు. నర్సు ఉండునది ఇరువది నాలుగు గంటలు. చేయి బాగుగా పనిచేసినను కాపలా లేనిచో రోగి దక్కడని ఐడా త్వరలోనే గ్రహించెను. మొదట మందు కలుపువారికి, తరువాత నర్సులకు తానే పాఠములు చెప్పెను. 1909లో క్రమమైన నర్సుల శిక్షణ పాఠశాల వేలూరులో ఆరంభమాయెను. అమెరికా నుండి వచ్చిన శిక్షితురాలైన నర్సు మిస్ డీలియా హాటను దానికి గట్టి రూపమిచ్చెను.

ఆ కాలములో ఇది ఎంత సాహసమో మన పెద్దలకు తెలియును. పరుల మలమూత్రములు ఎత్తుట, అన్యకులమువారి పుండ్లు కడుగుట, రాత్రులు ఇల్లు విడిచి ఉండుట, ఇవి మర్యాదగల ఇంటి ఆడపిల్ల చేయదగిన పనులు కావని లోకము తీర్పు చెప్పియుండెను. పురుడు పోయుట మంత్రసాని పని, రోగికి ఊడిగము ఆయా పని అనుకొనెడివారు. మొదట ముందుకు వచ్చినవారు ఎక్కువగా క్రైస్తవ కుటుంబముల పిల్లలు, దిక్కులేని స్త్రీలు. చదువు అంతంత మాత్రము. అట్టివారి చేతులకు ఒక శాస్త్రమును అప్పగించుటకు ఐడా వెనుదీయలేదు. ఇది ఊడిగము కాదు, విద్య అని ఆమె తన నడతతోనే చూపెను. డాక్టరమ్మ తానే పుండు కడుగుచుండగా, పిల్ల ఎట్లు ముక్కు మూసికొనును?

నర్సింగు విద్యలో మొదటి పాఠములు ఆనాటికిని ఈనాటికిని పెద్దగా మారలేదు. మొదటిది చేతులు. రోగిని ముట్టుటకు ముందు, ముట్టిన తరువాత సబ్బుతో కడుగవలెను. రెండవది కన్ను. రోగి ముఖము, శ్వాస, నాడి, వేడి గమనించి చీటీలో వ్రాయవలెను. పెద్దవారికి నిమిషమునకు నాడి 60 నుండి 100 వరకు, శ్వాస 12 నుండి 20 వరకు, వేడి సుమారు 98.6 డిగ్రీలు సాధారణము. అది మారినప్పుడు మొదట తెలిసికొనవలసినది నర్సు. మూడవది పక్క. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి, ముడుతలు లేని పొడి బట్ట పరచి, నడుము, మడమలు చూడవలెను. లేనియెడల పడక పుండ్లు పడి, జబ్బు నయమైనను పుండు ప్రాణము తీయును. నాల్గవది మందు. సరియైన రోగికి, సరియైన మందు, సరియైన కొలత, సరియైన విధము, సరియైన వేళ. ఈ అయిదును చూడకుండ మందు ఇయ్యకూడదు. మందు తీయునప్పుడు, పోయుటకు ముందు, మరల దానిని పెట్టునప్పుడు, మూడుసార్లు సీసా మీది చీటి చదువవలెనని పాత నర్సులు నేర్పెడివారు. ఇచ్చిన వెంటనే వ్రాసిపెట్టవలెను. ఇయ్యకముందు వ్రాయకూడదు.

ఈ పాఠములు వినుటకు చిన్నవి. వీటి మీదనే ప్రాణములు నిలిచియున్నవి. మంచి సమరయుని ఉపమానమును ఈ దృష్టితో చదివినచో, అతడు గాయములకు మందు వేసి, కట్టు కట్టి, ఎక్కించుకొని పోయి, రాత్రియంతయు కనిపెట్టి, మరునాడు పోవునప్పుడు కూడ తరువాతి పరామర్శకు ఏర్పాటు చేసిపోయెను. నర్సింగు విద్య యంతయు అందులో ఉన్నది. వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఆ ఉపమానమునకు ఎన్నో అర్థములు నేర్చుకొంటిమి. ఆసుపత్రి వరండాలో ఒక రాత్రి మేలుకొనినప్పుడే ఈ అర్థము మాకు తెలిసినది.

దారి ప్రక్కన

ఆసుపత్రికి రాలేనివారి సంగతి ఏమి? ఐడాగారు ఎద్దుల బండిలోను, తరువాత ఒక చిన్న మోటారు బండిలోను గుడియాత్తము దారిని వారమునకొక దినము బయలుదేరెడిది. మొదట ఆ మోటారును చూచి దయ్యము వచ్చినదని జనము పారిపోయిరి. తరువాత ఆ దినము కొరకే కాచుకొనియుండిరి. చెట్టు క్రింద బండి ఆపి, పుండ్లు కట్టి, కండ్లలో మందు వేసి, పండ్లు పీకి, కుష్ఠరోగులకును చేయి చాపి, నర్సులతో కలిసి సాయంకాలము వరకు పనిచేసెడిది. నర్సు విద్యార్థినులకు అది మంచి పాఠశాల. నాలుగు గోడల మధ్య వస్తువులన్నియు చేతికందును. చింతచెట్టు క్రింద నీళ్లు కాచుటకు కూడ కట్టెలు ఏరుకొనవలెను. ఉన్నదానితో శుభ్రముగా పనిచేయుట వారు అక్కడ నేర్చుకొనిరి.

స్త్రీల వైద్య విద్య

నర్సులు వచ్చిరి గాని డాక్టర్లు చాలలేదు. స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టవలెనని ఐడా కోరినప్పుడు, ఆరుగురు పిల్లలు దొరికినచో ఆరంభింపవచ్చునని ప్రభుత్వపు వైద్యాధికారి చెప్పెను. 151 దరఖాస్తులు వచ్చెను. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నరు లార్డు పెంట్లండు ఆ పాఠశాలను ప్రారంభించెను. మొదటి సంవత్సరాంత పరీక్షకు పోవునప్పుడు, ఎవరును ఉత్తీర్ణులు కాకపోయినను నిరాశపడవద్దని అధికారులు ముందుగానే ఆమెను ఓదార్చిరి. ఆ సంవత్సరము ప్రెసిడెన్సీలోని పురుష విద్యార్థులలో అయిదుగురికి ఒక్కరు మాత్రమే గట్టెక్కగా, వేలూరు పిల్లలు పదునలుగురును ఉత్తీర్ణులైరి.

ఆమె పేరు ఎంతగా వ్యాపించెననగా, డాక్టరు ఐడా, ఇండియా అని మాత్రమే వ్రాసిన జాబు ఒకటి సరిగా ఆమె చేతికి చేరెనని చెప్పుదురు.

1938లో మరియొక కష్టము వచ్చెను. ఇకమీదట ఎం.బి.బి.ఎస్. పట్టము ఇయ్యగల కళాశాలలు మాత్రమే ఉండవలెనని మద్రాసు ప్రభుత్వము నిర్ణయించెను. అందుకు కావలసిన పడకలు, ఉపాధ్యాయులు, డబ్బు వేలూరులో లేవు. ఐడాకు అప్పటికి అరువది యేడు సంవత్సరములు. 1941లో, యుద్ధ కాలములో, ఆమె అమెరికాకు వెళ్లి ఊరూర తిరిగి సహాయము అడిగెను. మిషనులన్నియు కలిసి ఒకే కళాశాలను నిలబెట్టవలెననియు, అందులో పురుషులను కూడ చేర్చుకొనవలెననియు సలహా వచ్చెను. స్త్రీల కొరకే డబ్బిచ్చిన పాత స్నేహితురాండ్రు కొందరు దీనిని నమ్మకద్రోహముగా ఎంచిరి. ఐడా చాల నొచ్చుకొనెను. స్త్రీల కొరకు మొదలుపెట్టిన పని మూతపడుటకంటె, అందరి కొరకు తెరువబడుట మేలని చివరకు ఒప్పుకొనెను. ఈ నిర్ణయము తప్పని అనుకొన్నవారును నిజాయితీపరులే. కాని ఆమె ఆ దినము పట్టుదలకు పోయియుండినయెడల, మన రాజంపేట రోగులు ఈనాడు ఏ ఊరి పేరు చెప్పియుందురో తెలియదు. 1947లో పురుష విద్యార్థులు చేరిరి.

మన తెలుగువారు గర్వింపదగిన సంగతి ఇక్కడ ఒకటున్నది. ఐడాగారు 1946లో విశ్రాంతి తీసికొన్న తరువాత ఆ కళాశాల బాధ్యత వహించిన మొదటి భారతీయురాలు విశాఖపట్టణములో 1890లో జన్మించిన తెలుగు క్రైస్తవ స్త్రీ, డాక్టరు హిల్డా మేరీ లాజరసుగారు. స్త్రీల వైద్య సేవలో అంతకుముందే పేరు పొందిన ఆమె, స్వాతంత్ర్యము వచ్చిన 1947లో వేలూరు కళాశాలకు ప్రిన్సిపాలై, తరువాత ఆ సంస్థ డైరెక్టరుగా పనిచేసి, తిరిగి విశాఖకే చేరి, 1978లో కన్నుమూసెను.

1946లోనే మరియొక మెట్టు ఎక్కిరి. నర్సుల పాఠశాల కళాశాలగా పెరిగి, మద్రాసు విశ్వవిద్యాలయపు అనుబంధముతో నర్సింగులో బి.ఎస్‌సి. పట్టము ఇయ్యసాగెను. అదే సంవత్సరము ఢిల్లీలోను అట్టి కళాశాల వెలసెను. దేశములో నర్సులకు పట్టభద్రత అను గౌరవము అప్పుడే మొదలాయెను. ఒకప్పుడు ఊడిగమని ఈసడించిన పనికి విశ్వవిద్యాలయము పట్టా ఇచ్చెను. ముప్పది యేడు సంవత్సరముల క్రిందట కొద్దిమంది పిల్లలతో మొదలైన బడి ఫలము ఇది.

ఐడాగారు కడపటి సంవత్సరములు కొడైకానలులోని తన ఇంట గడిపి, 1960 మే నెలలో, తన ఎనుబది తొమ్మిదవ యేట ప్రభువునందు నిద్రించెను. దేహమును వేలూరుకు తెచ్చి సమాధి చేసిరి. ఆమె వివాహము చేసికొనలేదు. అయినను ఆమెను అమ్మా అని పిలిచినవారికి లెక్క లేదు.

మన ఇండ్లలో

ఇప్పుడు మొదట చెప్పెదమన్న సంగతికి వచ్చుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక వృద్ధురాలు రక్తపోటుకు మందు వాడుచుండెను. ఒక ఊరిలో ఒక చీటి, మరియొక ఊరిలో మరియొక చీటి వ్రాయబడెను. మందు పేర్లు వేరు, రంగులు వేరు. లోపల ఉన్న మందు ఒక్కటే. ఇంటివారు ప్రేమతోనే రెండును ఇచ్చిరి. ఒక ఉదయము ఆ అవ్వ మంచము దిగుచు కండ్లు తిరిగి పడిపోయి, తుంటి ఎముక విరుగగొట్టుకొనెను. మంచాన పడిన తరువాత త్రిప్పి పరుండబెట్టువారు లేక పుండ్లు పడెను. మేము వారమునకు రెండుసార్లు పోయి ప్రార్థన చేసితిమి. ఆమె మరణించినప్పుడు ఆరాధన జరిగించి, ఓదార్పు మాటలు చెప్పితిమి. కాని ఇంటికి వచ్చి ఆలోచించినప్పుడు సిగ్గు కలిగెను. మేము పోయిన ప్రతిసారియు ఆ పక్క చూచితిమి. ఆ మందుల సంచి చూచితిమి. ఒక్క మాట అడుగలేదు. అడుగవలెనని మాకును తెలియదు. ఇందులో ఎవరిని నిందించినను మొదట మమ్మును నిందించుకొనవలెను.

ఆ తరువాత మేము నర్సింగు తెలిసిన సహోదరీలను పిలిచి, స్త్రీల మైత్రిలో నెలకొకసారి ఇంటి పరిచర్య పాఠములు చెప్పించుచున్నాము. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు ఆ పాఠముల విలువ తెలిసెను. బియ్యము, బట్టలు ఎందరో తెచ్చిరి. కాని బురదనీళ్లు త్రాగిన పిల్లలకు విరేచనములు పట్టకుండ నీళ్లు కాచి ఇయ్యవలెనని, రేకులు కోసికొనిన కాళ్లను కడిగి కట్టి, ధనుర్వాతపు సూది వేయించవలెనని చెప్పి, చేసి చూపినది ఈ సహోదరీలే.

సంఘస్థులందరు జ్ఞాపకముంచుకొనవలసినవి కొన్ని వ్రాయుచున్నాము. ఏ డాక్టరు యొద్దకు పోయినను ఇంటిలో ఉన్న మందులన్నియు సంచితో సహా తీసికొనిపోయి చూపవలెను. మందు పెట్టె మీద చిన్న అక్షరములలో ఉండు అసలు మందు పేరు చదివించుకొనవలెను. రెండింటి మీద ఒకే పేరున్నచో అడుగక మ్రింగకూడదు. పొరుగువారికి నయమైన మాత్ర మనకు నయమగునని తలంపకూడదు. గతములో ఏ మందైనను పడక దద్దురులో ఆయాసమో వచ్చియున్నచో ఆ మందు పేరు వ్రాసిపెట్టుకొని ప్రతి డాక్టరుకును చెప్పవలెను. చిన్నపిల్లల మందును వంటింటి చెంచాతో గాక సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయవలెను. క్షయ జబ్బుకు మందు కనీసము ఆరు నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గినదని మానినచో జబ్బు మొండికెత్తును. షుగరు, రక్తపోటు మందులను ఒంట్లో బాగున్నదని సొంతముగా ఆపకూడదు. విరేచనములు పట్టినప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనియెడల, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఉప్పు ఎక్కువ కాకూడదు. కండ్లు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను, పిల్ల మగతగా పడియున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మంచము పట్టినవారిని రెండు గంటలకొకసారి త్రిప్పవలెను. ఈ పనిని కోడలి మీదనే వేయక కుమారులును నేర్చుకొనవలెను.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. మా యొద్దకు వచ్చి, నర్సింగు చదువవలెనని ఉన్నది, ఇంటిలో ఒప్పుకొనుట లేదు, మీరొక మాట చెప్పుడయ్యగారూ అని కన్నీళ్లు పెట్టుకొను ఆడపిల్లలు ఇప్పటికిని ఉన్నారు. రాత్రి డ్యూటీలట, పెండ్లి సంబంధములు రావట, పరుల మురికి ఎత్తవలెనట. నూరు సంవత్సరముల క్రిందట ఐడాగారు విన్న మాటలే ఇవి. వాటిని చెప్పువారే, తమ ఇంటిలో ప్రాణాపాయము వచ్చిన రాత్రి, ఆసుపత్రి వరండాలో తెల్లబట్టలు కట్టిన ఏ ఇంటి పిల్లయో మెల్లగా నడచివచ్చి నాడి పట్టి చూచినప్పుడు, చేతులు జోడింతురు. ఆ పిల్లయు ఒక తండ్రి కుమార్తెయే గదా. ఆ తండ్రి ఒప్పుకొన్నందుననే మన రోగి బ్రదికెను.

శతవత్సరపు పండుగలో మనము కట్టడములను, పటములను చూచి సంతోషించుచున్నాము. అది యుక్తమే. అయితే ఒక రాత్రి తలుపు తట్టిన ముగ్గురికి సహాయము చేయలేకపోతినను దుఃఖము ఒక యువతి చేత ఇంత పని చేయించెను. మన తలుపు కూడ తట్టబడుచున్నది. ఈ పండుగ ముగియులోపల ప్రతి పాస్టరేటును ఇంటి పరిచర్య తెలిసిన ఇద్దరు ముగ్గురు స్త్రీ పురుషులనైనను సిద్ధపరచినయెడల, మంచము పట్టిన మన పెద్దలకు అంతకు మించిన శతవార్షిక కానుక లేదని మా విన్నపము.